దసరా బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నా బిడ్డ చేతికి తుపాకి దొరకడం. ఎవరో దుండగుడు వచ్చి కాలుస్తాడన్న భయం కూడా ఉంది గానీ అది రెండోది. మొదటిది ఇది. మనకు తెలిసిన మంచివాళ్ళెవరో ఆ వస్తువును ఎక్కడో పెట్టి పక్కకు వెళ్తారు. మా మేధ దాన్ని చూస్తుంది. మేధకి నాలుగేళ్ళు. గుడ్డలో చుట్టినదేదైనా తనకి బహుమతే.

ఈ భయం టెక్సస్ వచ్చాకే పట్టుకుంది. తాడేపల్లిగూడెంలో ఉన్నన్నాళ్ళూ నేను తుపాకిని చూసింది బ్యాంకు గుమ్మంలో కునికిపాట్లు పడే కాపలా ఆయన ఒళ్ళోనే. నాన్నకి ఒంట్లో బాగోక డిగ్రీ రెండో ఏడాదిలో చదువు మానేశాను, పెళ్ళయింది, టెక్సస్‌లోని ఫ్రిస్కో వచ్చాను. ఒకసారి మేధకి సైకిలు కొందామని సైకిళ్ళ నుంచి వేట తుపాకుల దాకా అన్నీ అమ్మే పెద్ద స్పోర్ట్స్ దుకాణానికి వెళ్ళాం. మా ముందు ఒకాయన పొడుగాటి తుపాకి పెట్టె మోసుకుంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి ఆయన్ని అక్కడే ఆపేసింది. పెట్టె తను తెరవలేదు, ఆయన్నీ తెరవనివ్వలేదు. లోపలి నుంచి ఇంకొకాయన వచ్చి, పక్కకు తీసుకెళ్ళి, జనం లేని గోడవైపు తిప్పి తెరిచి చూశాడు. తుపాకి పేలకుండా దాని గుండా ఒక ప్లాస్టిక్ పట్టీ దూర్చి బిగించాడు. అప్పుడు గానీ లోపలికి పంపలేదు. అంతా నవ్వుతూనే చేశారు. నేను మాత్రం మేధని చంకనేసుకుని కారు దాకా పరిగెత్తాను. సైకిలు తర్వాత ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం.

మా ఆయన అవినాష్ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఈ సంగతి చెప్పి నవ్విస్తాడు. "మా స్మృతి ద్రాక్షపండుని నాలుగు ముక్కలు చేస్తే గానీ పిల్లకి పెట్టదు. రేపు అల్లుడికి కూడా కోసే పెడుతుంది, చూస్తూ ఉండండి" అంటాడు. నేనూ నవ్వుతాను. పండు కోయడం మాత్రం మానను.

గ్రీన్ కార్డు వచ్చాక శేషగిరి గారి ఇండియన్ గ్రోసరీలో బిల్లింగ్ దగ్గర చేరాను. శనివారం అవినాష్‌కి ఆఫీసు పని ఉంటే మేధని నాతోనే తీసుకెళ్ళేదాన్ని. అక్కడే నరసింహ గారు పరిచయమయ్యారు. ఎప్పుడో ఈ దేశం వచ్చి, విద్యుత్ కేంద్రాల్లో పెద్ద పెద్ద యంత్రాల మీద పనిచేసి రిటైరైన ఇంజనీరు. భార్య మీనాక్షి గారు కిందటి ఏడాది ఉగాది ముందు పోయారు. ఒక్కగానొక్క కూతురు అనన్య కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఉంటుంది. ఆయన ప్రతి శనివారం పొద్దున్నే వచ్చి, తాను తినని గోంగూర రెండు కట్టలు కొనుక్కునేవారు. అది మీనాక్షి గారికి ఇష్టం. ఆవిడ పోయాక కూడా కొంటూనే ఉన్నారు. నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు.

"ఏమ్మా భయాలమ్మా, ఇవాళ దేనికి భయపడ్డావు?"

"పార్కింగ్‌లో ఎవరో కారు స్టార్ట్ చేసి వదిలేశారు అంకుల్."

"అదే బయల్దేరి వచ్చి నిన్ను గుద్దుతుందనా? నేను చూసుకుంటాలే, బిల్లు వెయ్యి."

ఇలా ఉండేది మా మాట. మేధ చెవి వెనక నుంచి చాక్లెట్ తీసి చూపించేవారు. ఆ చాక్లెట్ ఆవిడ ఉన్న రోజుల్లో కొన్నదేమోనని నాకు ఇంకో భయం. తేదీ చూస్తే గానీ తిననిచ్చేదాన్ని కాదు.

ఆ ఏడాది మహర్నవమి శనివారం వచ్చింది. మా స్టోర్‌లో ఆయుధ పూజ ఒక వేడుక. బియ్యం బస్తాల వరసకి ఎదురుగా మెట్లు మెట్లుగా బల్లలు వేసి, తెల్లటి దుప్పటి పరిచి, పైన అమ్మవారి పటం పెడతారు. కస్టమర్లు ఎవరి పనిముట్లు వాళ్ళు తెచ్చి ఆ మెట్ల మీద సర్దుకుంటారు. లాప్‌టాపులు, ఆఫీసు బ్యాడ్జీలు, ఒక డాక్టరమ్మ స్టెతస్కోపు, ఎవరిదో కత్తెర, శేషగిరి గారి భార్య ఉమ గారి దోసె పెనం. పూజలో పెట్టిన పనిముట్టుని దశమి దాకా ముట్టుకోకూడదు. ఇక్కడ అందరికీ అది కుదరదు. అందుకని హారతి అవగానే కావలసినవాళ్ళు తీసుకెళ్ళచ్చనీ, పద్ధతి పాటించేవాళ్ళు దశమి దాకా వదిలేస్తే తాళం వేసిన స్టోర్‌లో భద్రంగా ఉంటాయనీ శేషగిరి గారు వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

మేధ తన రంగు పెన్సిళ్ళ డబ్బా కింది మెట్టు మీద పెట్టి, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నట్టు దాని ఎదురుగానే కూర్చుంది. నేను బిల్లింగ్ నుంచి తనని చూస్తూనే ఉన్నాను.

మధ్యాహ్నం నరసింహ గారు వచ్చారు. సాధారణంగా గుమ్మం దాటగానే నన్ను ఏదో ఒకటి అంటారు. ఆ రోజు ఏమీ అనలేదు. చేతిలో ఆకుపచ్చ జాకెట్టు గుడ్డలో చుట్టిన చిన్న మూట. ఆ గుడ్డ నాకు తెలుసు. మీనాక్షి గారు చివరిసారి చేసుకున్న వరలక్ష్మీ వ్రతంలో తాంబూలంతో పాటు మా అందరికీ అదే రంగు గుడ్డ ఇచ్చారు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళి, చెయ్యి చాచి పై మెట్టు మీద పటం పక్కన పెట్టారు. దణ్ణం పెట్టుకుని నేరుగా గుమ్మం వైపు నడిచారు. గోంగూర వైపు కూడా చూడలేదు.

"హారతి దాకా ఉండరా అంకుల్?"

"లేదమ్మా. దశమి దాకా ఉండనీ." ఒక అడుగు వేసి ఆగారు. "ఆ తర్వాతా తొందరేం లేదు."

"ఏం పెట్టారు?"

"పాత పనిముట్టు."

నా ఎదుట నిలబడ్డావిడ కందిపప్పు ధర అడుగుతోంది. నేను తలెత్తేసరికి మేధ లేచి నిలబడి ఉంది. పై మెట్టు మీద గుడ్డ కొస దుప్పటి మీంచి జారుతోంది. ముడి వదులైంది. లోపలున్న నల్లటి గొట్టం కొంచెం బయటికి వచ్చి, సరిగ్గా బిల్లింగ్ వరస వైపు చూస్తోంది.

"మమ్మీ, అంకుల్ గిఫ్ట్ ఫాల్ అవుతుంది. నేను క్యాచ్ చేస్తా" అంటూ మేధ కింది మెట్టు ఎక్కి చేతులు పైకి చాపింది.

ముట్టుకోకు అని అరుద్దామనుకున్నాను. కౌంటర్ ఎలా దాటానో తెలియదు. మేధ నడుం పట్టుకుని వెనక్కి లాగి, ఎత్తుకుని, బస్తాల పక్కకు వెళ్ళిపోయాను. మేధ బెదిరి ఏడుపు మొదలుపెట్టింది.

శేషగిరి గారు పళ్ళెంలో పూలతో వచ్చారు. "ఏమైంది? మళ్ళీ ఏం చూశావు?"

నేను చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "ఓస్, ఇదా. ఆయుధ పూజకి ఆయుధం తేక అప్పడాలు తెస్తారా? పెద్దమనిషి, నొచ్చుకుంటారమ్మా. ఓ బొట్టు పెట్టి లోపల పెట్టేస్తాను." అంటూ చెయ్యి చాపారు.

"ముట్టుకోకండి."

ఆయనతో నేనెప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. చెయ్యి గాల్లోనే ఆగింది.

"అది ఎటు చూస్తోందో చూడండి" అన్నాను.

ఆయన తల తిప్పారు. వరసలో జనం కొత్తిమీర కట్టలు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. స్ట్రోలర్‌లో ఒక పసివాడు నిద్రపోతున్నాడు. పూల పళ్ళెం గబుక్కున బస్తా మీద పెట్టేశారు.

"ఇప్పుడేం చేద్దాం? తుపాకి ఉందని చెప్తే తొక్కుకు చస్తారు. పూజకొచ్చినవాళ్ళని ఊరికే బయటికి పొమ్మనలేను కదా."

"కార్ల పూజ ముందు పెట్టించండి. అందరూ వాళ్ళంతట వాళ్ళే వెళ్తారు."

పంతులు గారు ఒప్పుకోలేదు. "అమ్మవారి పూజ కాకుండా వాహనాలకేమిటండీ? వరస తప్పుతుంది."

"ఈ ఒక్క ఏడూ తప్పనివ్వండి స్వామీ. కారణం బయట చెప్తాను" అని శేషగిరి గారు మైకు తీసుకున్నారు. "కార్ల పూజ ఇప్పుడే మొదలవుతోంది. ముందొచ్చిన కారుకి ముందు. నిమ్మకాయలు గుమ్మం దగ్గర తీసుకోండి."

ముందొచ్చిన కారుకి ముందు అన్నాక మావాళ్ళు ఆగుతారా. బుట్టలు ఎక్కడివక్కడ వదిలేసి వెళ్ళారు. ఉమ గారు మేధని ఎత్తుకున్నారు. "పెన్సిల్స్ మమ్మీ, నా పెన్సిల్స్" అని మేధ ఆవిడ భుజం మీంచి చేతులు చాపుతూనే ఉంది. నా ఒంట్లో సగం దానితోపాటే బయటికి వెళ్ళింది. మిగతా సగంతో గుమ్మం దగ్గరికి పరిగెత్తి, వెళ్ళకుండా అక్కడే తచ్చాడుతూ జనంలో ఇరుక్కున్న నరసింహ గారి మోచెయ్యి పట్టుకున్నాను.

"అంకుల్, మీరు ఉండండి."

శేషగిరి గారు ఫోన్ పట్టుకుని తటపటాయిస్తున్నారు. "పోలీసులని పిలిస్తే పరుగున వస్తారు. తుపాకి అన్న మాట వింటే వాళ్ళూ తుపాకులతోనే దిగుతారు. పార్కింగ్ నిండా పిల్లలు. వేడ్‌ని పిలుస్తాను."

మా ఎదుటి రోడ్డులో తుపాకుల దుకాణం ఉంది. వేడ్ అందులో పనిచేస్తాడు. సమోసాల కోసం తరచూ మా స్టోర్‌కి వస్తాడు. ఫోన్లో ఆయన చెప్పింది శేషగిరి గారు పైకి అంటూ ఉంటే విన్నాను. ఎవరూ తాకొద్దు. దాని ముందు ఎవరూ నిలబడొద్దు. తెచ్చినాయన్ని కూడా దగ్గరికి రానివ్వొద్దు. నేను వస్తున్నాను.

ఆయన రోడ్డు దాటి వచ్చేంతసేపు స్టోర్‌లో ముగ్గురమే ఉన్నాం. ఫ్రీజర్లు గుర్రుమంటున్నాయి. బయట టైర్ల కింద నిమ్మకాయలు చితుకుతున్న చప్పుడు, జనం నవ్వులు.

"ఎందుకమ్మా ఇంత హడావుడి" అన్నారు నరసింహ గారు. "ఖాళీదే. తూటాలుండే మ్యాగజైన్ ఎప్పుడో తీసేశాను. ఉండు, నేనే తీసి చూపిస్తాను." బల్ల వైపు అడుగు వేశారు.

నేను అడ్డం వెళ్ళాను. "చేతులు కట్టుకోండి అంకుల్" అన్నాను. మేధతో పొయ్యి దగ్గర మాట్లాడే గొంతు అది. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, బళ్ళో పిల్లాడిలా చేతులు కట్టుకున్నారు. భయాలమ్మా అనలేదు. అంటే బాగుండుననిపించింది.

వేడ్ వట్టి చేతులతో వచ్చాడు. పెద్ద మనిషి, కళ్ళజోడు తాడుతో మెడకి వేలాడుతోంది. బల్లని, పటాన్ని, పూలని చూసి, బూట్లు విప్పాలా అని అడిగాడు. శేషగిరి గారు వద్దన్నా విప్పేశాడు. ఇంగ్లీషులో ఆయన అన్నది నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను.

పక్కనుంచి వెళ్ళి, గుడ్డ తొలగించి, వేలు ట్రిగ్గర్ మీదికి పోనివ్వకుండా పట్టుకుని, దాన్ని సోనా మసూరి బస్తాల దొంతర వైపు తిప్పాడు. అడుగున చూశాడు. మ్యాగజైన్ నిజంగానే లేదు. శేషగిరి గారు "చూశావా, ఖాళీదే" అన్నట్టు నా వైపు చూశారు. వేడ్ పైభాగాన్ని వెనక్కి లాగాడు. లోపలి నుంచి ఒక తూటా ఎగిరి దోసె పెనం మీద టంగుమని పడి, దొర్లుకుంటూ మేధ పెన్సిళ్ళ డబ్బా దగ్గర ఆగింది.

శేషగిరి గారు ఉన్నచోటే కూలబడ్డారు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"చాలామంది ఇలాగే మోసపోతారు" అన్నాడు వేడ్. "మ్యాగజైన్ తీస్తే ఖాళీ అయిందనుకుంటారు, లోపల ఒకటి ఉండిపోతుంది. అందుకే మా తలుపు మీద రాసి పెట్టాం. వస్తువు కార్లోనే ఉంచండి, వట్టి చేతులతో లోపలికొచ్చి మాకు చెప్పండి, మేమే వచ్చి చూస్తాం అని. తుపాకులు అమ్మే చోటే మేం ఇలా రానివ్వం."

నేను ఆ మాటలు వింటున్నా, చూస్తున్నది నరసింహ గారిని. తూటా పడ్డప్పుడు మేమందరం ఉలిక్కిపడ్డాం. వేడ్ కూడా కనుబొమలు ఎగరేశాడు. నరసింహ గారి రెప్ప కూడా కదల్లేదు. కొన్న పెరుగు డబ్బా మూత సరిగ్గా ఉందో లేదో తిప్పి చూసుకునే మనిషి. మరిచిపోయే మనిషి కాదు. నాకు ఇంకో రకం భయం మొదలైంది, ఇందాకటిలా ఒళ్ళు వణికించేది కాదు, చల్లగా ఉంది.

"అంకుల్, లోపల ఉందని మీకు తెలుసు కదూ?"

ఆయన పెన్సిళ్ళ డబ్బా వైపు చూశారు. నేను మళ్ళీ అడిగాను.

"తెలుసమ్మా."

"మరి తీసెయ్యకుండా ఎందుకు తెచ్చారు?"

"తియ్యాలంటే చేత్తో పట్టుకోవాలి." కట్టుకున్న చేతులు విప్పి వాటినే చూసుకున్నారు. "పట్టుకున్నాక తూటాయే తీస్తానో, ఇంకేం చేస్తానో. నా మీద నాకు నమ్మకం పోయింది. అందుకని గుడ్డతో సహా ఎత్తుకొచ్చాను. దశమి దాకా మీరు తాళం వేసి ఉంచుతారు కదా. ఈ రాత్రయినా గడుస్తుంది అనుకున్నాను."

శేషగిరి గారు నేల మీంచే అన్నారు. "ప్రతి వారం మాట్లాడుకుంటాం కదండీ. నాతో ఒక్క ముక్క చెప్పకూడదా?"

"ఏం చెప్పనయ్యా? దొంగల కోసం కొన్నాను. ఇప్పుడు ఆ ఇంట్లో నాకు నేనే దొంగని అని చెప్పనా?" నా వైపు తిరిగి, "పైన పెట్టాను. పిల్లలకి అందదనుకున్నాను" అన్నారు.

"మేధ క్యాచ్ చేస్తానని చేతులు చాపింది అంకుల్." చెప్పకూడదేమో. చెప్పేశాను. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. ఆయన ఆకుపచ్చ గుడ్డ తీసుకుని ముఖానికి అదుముకుని బస్తా మీద కూర్చున్నారు. ఆ భుజాలు అలా కదలడం నేను ముందెప్పుడూ చూడలేదు.

మా తెలుగు అర్థం కాకపోయినా వేడ్‌కి సంగతి అర్థమైంది. ఆయన బాగున్నారా అని నన్ను అడిగాడు. "నాట్ ఓకే" అన్నాను. ఆ రెండు మాటలు చెప్పడానికి నాకు ఏ డిగ్రీ అక్కర్లేకపోయింది. వేడ్ ఇంకో బస్తా లాక్కుని నరసింహ గారి పక్కన కూర్చున్నాడు. "మా షాపులో లాకర్ ఉంది. కష్టకాలంలో చాలామంది తెచ్చి పెడతారు. కారణం అడగం. దీన్ని నేను తీసుకెళ్ళనా?" అన్నాడు.

నరసింహ గారు గుడ్డలోంచే తలూపారు.

నేను ఆయన ఫోన్ తీసుకుని అనన్యకి చేశాను. స్పీకర్లో "డాడీ?" అన్న గొంతు వినగానే ఆయన "ఏం లేదురా" అనబోయారు. నేను ఫోన్ నా వైపు తిప్పుకుని ఉన్నదంతా చెప్పాను. ఆ అమ్మాయి ఆ సాయంత్రమే విమానం ఎక్కింది. అప్పటిదాకా ఆయన ఉమ గారి వంటింట్లో కూర్చుని వడలు తిన్నారు.

ఆ ఏడాది ముందు కార్లకి, తర్వాత అమ్మవారికి హారతి ఇచ్చారు. ఎందుకో జనానికి ఇప్పటికీ తెలియదు. మర్నాడు శేషగిరి గారు తలుపు మీద ఒక కాగితం అంటించారు. తుపాకులు కార్లోనే వదిలి రావాలి, పూజకైనా సరే. చదివినవాళ్ళు నవ్వుకుంటూ లోపలికి వస్తారట.

అనన్య ఆయన్ని సన్నీవేల్ తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరుకి చూపించింది. ఆయన చలికాలం గడిపి వెనక్కి వచ్చేశారు. "అక్కడ గోంగూర మంచిది దొరకదు" అన్నారు. మళ్ళీ శనివారాలు వచ్చేవారు, భయాలమ్మా అనేవారు. వేసవిలో అవినాష్‌కి ఉద్యోగం మారి మేం వర్జీనియాలోని హెర్న్‌డన్ వచ్చేశాం. నేను ప్రతి శనివారం ఆయనకి ఫోన్ చేస్తాను.

మళ్ళీ దసరా వచ్చింది. ఉమ గారితో ఇండియా వెళ్తూ ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసి శేషగిరి గారు ఒక మాట చెప్పారు. నరసింహ గారు లాకర్లోంచి తన వస్తువు వెనక్కి అడిగారట. వేడ్ చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడాడట. కానీ అది ఆయన సొంతం, అడిగితే ఇవ్వాలి. ఖాళీ చేసి, తాళం ఉన్న పెట్టెలో పెట్టి, కారు దాకా తనే మోసి ఇచ్చాడట. జాగ్రత్తగానే ఇచ్చాడు. కానీ తాళంచెవి కూడా ఆయనకే ఇచ్చాడు కదా.

వెంటనే ఫోన్ చేశాను. నవ్వారు. నన్ను ఆటపట్టించారు. "అది ఇంట్లోనే ఉందా అంకుల్?" అని అడిగితే, మేధ బళ్ళో ఏం నేర్చుకుంటోందని అడిగారు. మళ్ళీ అడిగాను. వర్జీనియాలో చలి మొదలైందా అన్నారు. అనన్యకి చెప్పాను. నాన్న నాతో బాగానే మాట్లాడారే, అయినా వచ్చే వారమే బయల్దేరుతున్నాను అంది. ఈ శనివారం ఆయన గోంగూరకి రాలేదని స్టోర్‌ని ఇప్పుడు ఒక్కతే చూసుకుంటున్న అమ్మాయి చెప్పింది. ఇప్పుడు ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. నిద్రపోతున్నారేమో అంటాడు అవినాష్. కావచ్చు. నా భయాల్లో చాలావరకు వట్టివేనని నాకూ తెలుసు.

అయినా అడుగుతున్నాను. ఇది చదువుతున్న మీరు ఫ్రిస్కోలో ఉంటే, శేషగిరి గారి స్టోర్ వెనక వీధిలో, గుమ్మం పక్కన కరివేపాకు కుండీ ఉన్న ఇల్లు. బెల్లు కొట్టండి. తియ్యకపోతే పక్కింటివాళ్ళని పిలవండి. భయాలమ్మ పంపిందని చెప్పండి, తలుపు తీస్తారు. నవ్విస్తారు, కాఫీ ఇస్తారు. నవ్వండి, తాగండి. ఆ తర్వాత అది ఇంట్లో ఉందా అని సూటిగా అడగండి. మాట మారిస్తే లేచి రాకండి. అనన్య వచ్చేదాకా ఆయన దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. దయచేసి ఒకసారి వెళ్ళి ఆయన్ని చూడండి.